జ్వరం మాట

మా క్లినిక్‌లో ఒక రబ్బరు పొట్ట ఉండేది. గుండెకు సాయంగా పంపు పెట్టించుకున్నవాళ్ళకీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ కట్టు మార్చడం నేను దాని మీదే నేర్పేదాన్ని. పదేళ్ళుగా ఈ నర్సు ఉద్యోగంలో నా పని అదే. మొన్న సోమవారం కొత్త పొట్ట వచ్చింది. పాతదాన్ని చెత్తలో వేయబోతూ తిరగేస్తే, అడుగున సన్నటి మార్కర్‌తో, గుండ్రటి తెలుగు అక్షరాలతో ఒక వాక్యం రాసి ఉంది: "చేతులు కడుక్కున్నాకే ముట్టుకోవాలి." ఎప్పుడు రాశారో తెలియదు. మా క్లినిక్‌లో తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే. కాబట్టి అది నాకోసం రాసిందే.

ఆయన పోయి పదకొండు నెలలైంది.

చదివి, పొట్టను బుట్టలో వేశాను. ఏమీ అనిపించలేదు. ఈమధ్య ఏమీ అనిపించకపోవడం అలవాటైపోయింది కాబట్టి దాన్ని గురించి కూడా ఆలోచించలేదు. సాయంత్రం కారెక్కాక మాత్రం, ఆయన గురించి ఎవరికైనా చెప్పాలనిపించింది. పేరు చెప్పను. రోగుల పేర్లు బయట చెప్పకూడదని మాకు రూలు. రూలు లేకపోయినా, చెబితే ఆయన ఒప్పుకునేవారు కాదు.

ముందు ఆ పంపు సంగతి చెప్పాలి. గుండె బలం తగ్గిపోయినవాళ్ళకు, వేరే గుండె దొరికేదాకా, లోపల ఒక పంపు అమరుస్తారు. దానికి కరెంటు కావాలి. అందుకని పొట్ట పక్కన రంధ్రం చేసి ఒక తీగను బయటికి తెస్తారు. నడుముకు చిన్న పెట్టె, చంకల కింద రెండు బ్యాటరీలు. మనిషి నడుస్తాడు, తింటాడు, ఆఫీసుకు వెళ్తాడు. చెయ్యి పట్టుకుంటే నాడి మాత్రం దొరకదు. అంతా బాగానే ఉంటుంది, ఆ రంధ్రం ఒక్కటే బాధ. క్రిములు వచ్చేది ఆ దారినే. చర్మం దగ్గర ఉండగా కనిపెడితే మందులకు లొంగుతాయి. తీగ వెంబడి పాకి పంపును పట్టుకున్నాయంటే ఇక వాటిని పూర్తిగా వదిలించడం చాలా కష్టం. అందుకే వచ్చినవాళ్ళందరికీ విసుగు పుట్టేదాకా ఒకటే చెబుతాం. ఎర్రబడినా, తడి కనిపించినా, జ్వరం తగిలినా ఆ గంటలోనే ఫోన్ చేయండి అని. పగలూ రాత్రీ ఎవరో ఒకరు ఎత్తే నంబరొకటి ఫ్రిజ్ మీద అంటించుకోమని ఇస్తాం.

ఆయనకు ఇది రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇక్కడ మా పక్క ఊరు చాండ్లర్‌లో చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన ఇంజనీరు. దుమ్ము లేని గదుల్లో, కళ్ళు తప్ప ఏమీ కనిపించని తెల్లసూటు తొడుక్కుని ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి. సొంతూరు ఇండియాలో కరీంనగర్ దగ్గర. పలచటి మీసం, నిదానమైన మాట.

మొదటి రోజు నేను ఆ రబ్బరు పొట్ట మీద కట్టు మార్చి చూపిస్తున్నాను. మాస్కు, గ్లవ్స్, మందు అద్దిన స్పాంజి, అన్నీ వరసగా. మధ్యలో ఆయన చూపుడువేలు పైకెత్తారు. నేను చూసీ చూడనట్టు నా పని కానిస్తున్నాను. వేలు దిగలేదు.

"ఏమైనా డౌటా అండీ?" అన్నాను.

"డౌట్ కాదు మేడమ్. మీ మోచెయ్యి ఆ గుడ్డకు తాకింది. ఇగ ఈ సెట్ మొత్తం పోయినట్టే."

నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో సగం మంది పంపు పేషెంట్లకు నేర్పినదాన్ని, నాకు చెబుతాడేమిటి అనుకున్నాను. కానీ తాకిన మాట నిజం. ఇంకో సెట్టు విప్పి మళ్ళీ మొదటినుంచి చేశాను. అయ్యాక ఆయన నన్ను ఓదారుస్తున్నట్టుగా, "మనిషిని మించిన మురికి లేదు మేడమ్. మా దగ్గర మొదటి రోజు చెప్పేది గదే" అన్నారు. పక్కన ఆయన భార్య తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది.

"ఇంట్ల కూడ ఇట్లనే మేడమ్. నేను పప్పుల పోపు ఏస్తుంటే కూడ వేలు లేస్తది" అంది ఆవిడ.

పంపు పెట్టాక ఆయన్ని ఆ గదుల్లోకి వెళ్ళనివ్వలేదు. కొన్ని యంత్రాల్లో ఉండే అయస్కాంతాలు పంపుకు పడవు. బయట కూర్చోబెట్టి, కొత్తగా చేరిన పిల్లలకు సూటు తొడుక్కోవడం నేర్పే పని ఇచ్చారు. తల ముందు, తర్వాత ఒళ్ళు, ఆఖరున కాళ్ళు. సూటు నేలకు తగిలితే మళ్ళీ మొదటికి. "ప్రమోషన్ మేడమ్. అప్పట్ల నేనొక్కన్నే శుభ్రంగ ఉండేది. ఇప్పుడు బ్యాచ్ బ్యాచ్‌ను శుభ్రం చేస్తున్న" అనేవారు. ఆ మాటకు ఆయనే నవ్వేవారు. నవ్వేటప్పుడు ఎడమచెయ్యి తీగ మీద వేసి పట్టుకునేవారు, అది కదలకూడదని. బాగా నవ్వొచ్చే విషయమైతే "ఒక్క నిమిషం" అని చెయ్యి సర్దుకుని అప్పుడు నవ్వేవారు.

ఇంట్లో బట్టలు పెట్టుకునే చిన్న గదిని ఖాళీ చేసి, గోడలు తుడిచి, కట్టు మార్చే గది చేసుకున్నారు. ఏసీ గాలి వచ్చే కన్నానికి ఆ పావుగంటా టేపు వేసేవారట. భార్య చేతులతోనే కట్టు. ఆవిడ ఒక స్కూలు క్యాంటీన్‌లో పనిచేస్తుంది, నాలుగు వందల మంది పిల్లలకు భోజనం అందించే చేతులు. అయినా మొదట్లో ఒక్క కట్టుకు రెండు సెట్లు పాడయ్యేవి. మాట్లాడితే తుంపర పడుతుందని కట్టు మార్చేటప్పుడు ఇద్దరూ మాట్లాడుకోరు. ఆయన పైకప్పు చూస్తూ పడుకుంటారు. ఏదైనా తప్పు జరిగితే వేలు లేస్తుంది. ఆవిడ మళ్ళీ చేతులు కడుక్కోవడానికి వెళ్తుంది. "పెండ్లయిన ఇన్నేండ్లల్ల మేం ఇంత నిమ్మళంగ ఎప్పుడు కూసోలే మేడమ్" అని ఆవిడే ఒకసారి నాతో చెప్పింది.

ప్రతి ఆదివారం పొద్దున క్లినిక్‌కు ఫోటో వచ్చేది. రంధ్రం పక్కన ప్లాస్టిక్ స్కేలు. అదే గది, అదే వెలుగు. మిగతావాళ్ళ ఫోటోల్లో సగం బొటనవేళ్ళు ఉంటాయి. ఆయనవి చూస్తే పాఠ్యపుస్తకంలోంచి తీసినట్టు ఉండేవి.

ఆయన నాతో బేరమాడింది ఒక్కటే విషయంలో. ఈ పంపు ఉన్నవాళ్ళు నీళ్ళలో మునగకూడదు, తీగ తడవకూడదు. ఆయన తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకునేవారు. "నెత్తిమీదికెల్లి రెండు చెంబులు పోసుకుంట మేడమ్. రెండే. మెడ దగ్గర టవల్ కట్టుకుంట" అని వచ్చినప్పుడల్లా అడిగేవారు. నేను వద్దనేదాన్ని. "ఒకటి?" అనేవారు. అదీ వద్దంటే, "సరే, నెక్స్ట్ విజిట్ల అడుగుత" అని చొక్కా గుండీలు పెట్టుకునేవారు.

ఆ చొక్కాలు రెండు సైజులు పెద్దవి. లోపలి బ్యాటరీలు కనపడకుండా అలాంటివే కొనుక్కున్నారు. పొట్ట పెంచాడని స్నేహితులు ఏడిపిస్తే, అవునని ఒప్పుకునేవారట. డాక్టర్లూ, ఆఫీసులో ఒకరిద్దరూ, భార్య, నేను తప్ప ఆ పంపు సంగతి ఎవరికీ తెలియదు. "అయ్యో పాపం అనిపించుకునుడు నాతోని కాదు మేడమ్. బతికినన్ని దినాలు మనిషి లెక్క చూడాలె గద" అన్నారు. ఎవరితోనూ అననని నాచేత మాట తీసుకున్నారు. నేను ఎలాగూ అనకూడదు. అయినా ప్రత్యేకంగా మాటిచ్చాను.

ఏడాది తిరక్కముందే ఒకసారి ఎర్రబడింది. మామూలు కంటికి తెలిసేది కాదు, స్కేలు ఉంది కాబట్టి తెలిసింది. మంగళవారం పొద్దున ఏడున్నరకు చూసుకున్నారు, ఏడూ నలభైకి ఫోన్ చేశారు. ఆ రోజే మందులు మొదలుపెట్టాం. ఆరు వారాలకు తగ్గింది. మా డాక్టరు ఆయన భుజం తట్టి, అందరూ మీలా ఉంటే నాకు ఇంత జుట్టు ఊడేది కాదన్నాడు. బయటికి వస్తూ ఆయన నాతో, "మా దగ్గర తేడా కనపడితే ముందుగాల లైన్ ఆపుతం. తప్పు ఎవరిదనేది తర్వాత చూసుకుంటం" అన్నారు.

ఇంత పద్ధతైన మనిషికి మనుషుల దగ్గర మాత్రం చెప్పలేనంత మొహమాటం. రక్తం తీసే కొత్తమ్మాయి మూడుచోట్ల పొడిచి నరం దొరక్క బిక్కమొహం వేస్తే, "నా నరాలే మంచిగ లేవమ్మా, నీది తప్పు కాదు" అని ఇంగ్లీషులో సర్దిచెప్పి నాలుగో చోటు ఆయనే చూపించారు. రిసెప్షన్‌లో ఆవిడ ప్రేమగా ఇచ్చే మెషీన్ కాఫీ ఆయనకు అసహ్యం. ఏడాదిన్నర తాగారు.

పోయిన వేసవి మొదట్లో మేము ఇల్లు కొనుక్కున్నాం. ఇండియన్ స్టోర్లో కొబ్బరికాయలు ఏరుతుంటే ఆయన భార్య ఎదురైంది. బండి నిండా తమలపాకులు, అరటిపళ్ళు చూసి, "ఏం ఫంక్షన్ మేడమ్?" అంది. పేషెంట్లను ఇంటికి పిలవడం మా రూల్సుకు విరుద్ధం. కానీ అడిగిన మనిషికి శనివారం గృహప్రవేశం అని చెప్పి, మీరు రావద్దని ఎలా అంటాను? మీరిద్దరూ తప్పకుండా రావాలి అన్నాను. వాళ్ళు రారులే అనుకున్నాను. అది లాంగ్ వీకెండ్, సోమవారం సెలవు. ఊరికి దూరంగా ఎటైనా వెళ్తారులే అనుకున్నాను.

శనివారం పొద్దున్నే పాలు పొంగించి, సత్యనారాయణ వ్రతానికి కూర్చున్నాం. హోమం పొగకు మోగకుండా మావారు స్మోక్ అలారమ్‌లన్నిటికీ ప్లాస్టిక్ సంచులు కట్టారు. నలభైమంది జనం, గుమ్మం బయట చెప్పుల కుప్ప. తొమ్మిదిన్నరకు ఆ భార్యాభర్తలు వచ్చారు. ఆయన ఆ పెద్ద చొక్కాలోనే, వెనక వరసలో గోడకు ఆనుకుని కుర్చీలో కూర్చున్నారు. ఎవరో పరిచయం అడిగితే, "మేడమ్ మాకు ఇండియన్ స్టోర్ల తెల్సు" అనడం నాకు వినిపించింది. నాకు నవ్వొచ్చింది. ఆయన నా వైపు చూశారు. చాలాసార్లు చూశారు. నేను కథ వింటూ, అక్షతలు పట్టుకుని, తలూపి పలకరించాను.

వ్రతం అయ్యాక ప్రసాదం నేనే పంచాను. వరసగా అందరి చేతుల్లో పెడుతూ ఆయన దగ్గరికి వచ్చాను. అరచేతిలో ప్రసాదం పెడుతుంటే ఆయన చెయ్యి కాలుతోంది.

కాలుతోందని నాకు తెలిసింది. ఈ పేషెంట్లకు నాడి దొరకదు కాబట్టి చర్మం పట్టుకుని చూడటం నా చేతికి అలవాటు. నా వేళ్ళు ఆయన అరచేతి కింద ఒక క్షణం ఎక్కువే ఆగాయి. ఆయన నా మొహంలోకి చూశారు. బయట అప్పటికే ఫారెన్‌హీట్‌లో నూరు డిగ్రీలకు దగ్గరగా ఎండ. కారు రెండు వీధుల అవతల పెట్టి నడిచొచ్చారు, అదే అయ్యుంటుంది అనుకున్నాను. పక్కన పదిమంది ఉన్నారు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే, ఎందుకు అడిగారని ఇంకెవరో అడుగుతారు. ఎవరికీ తెలియనివ్వనని మాటిచ్చాను. తర్వాత పక్కకు పిలిచి అడుగుదాం అనుకున్నాను.

"భోజనం చేసి వెళ్ళండి" అన్నాను.

"తప్పకుండ మేడమ్" అన్నారు.

ఆ తర్వాత పంతులుగారి దక్షిణ, భోజనాలు, తాంబూలాలు, ఫోటోలు. నేను తలెత్తేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఫోన్ చేద్దామనుకున్నాను. ఇంటినిండా చుట్టాలు. మర్నాడు ఆ ఆలోచనే రాలేదు. ఆదివారం ఫోటో ఎప్పటిలాగే క్లినిక్‌కు వచ్చింది. మంగళవారం తెరిచి చూస్తే అందులో రంధ్రం శుభ్రంగానే ఉంది. జబ్బు లోపలెక్కడో తీగ వెంబడి నడిచింది. బయటికి కనిపించిన గుర్తు ఆ జ్వరం ఒక్కటే.

మంగళవారం ఆయన అంబులెన్సులో వచ్చారు, వణుకుతూ. క్రిములు రక్తంలో కలిశాయి. రెండు రకాల మందులు సూదుల ద్వారా మొదలుపెట్టారు. పంపు ఉన్నవాళ్ళు రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటారు. అలాంటివాళ్ళకు రక్తంలో క్రిములు చేరితే మెదడులో నరం చిట్లే ప్రమాదం ఉంది. ఐదో రోజు అదే జరిగింది. శనివారమే వచ్చి ఉంటే బతికేవారా అని మా డాక్టర్‌ని అడిగాను. "చెప్పలేం" అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు.

మనిషి అయిపోయినా ఈ పంపు దానంతటది ఆగదు. ఎవరో ఒకరు ఆపాలి. ఆ రోజు డ్యూటీ నాది. వేరే నర్సును పిలవమంటారా అని డాక్టరు అడిగితే అక్కర్లేదన్నాను. కరెంటు తీసేస్తే గట్టిగా అలారం మోగుతుంది. ఇంట్లోవాళ్ళు బెదరకుండా ముందు దాన్ని మోగకుండా చేయాలి. చేశాను. తర్వాత ఒక బ్యాటరీ తీశాను, ఆ తర్వాత రెండోది. ఆయన భార్య ఆయన పాదాల దగ్గర నిలబడి ఉంది. నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని ఆ వారమంతా చూశాను. రాలేదు. ఆ రోజు ఇంటికెళ్ళి, అలారమ్‌లకు ఇంకా కట్టి ఉన్న ప్లాస్టిక్ సంచులు ఊడదీశాను.

రెండు నెలలకు ఆవిడ క్లినిక్‌కు వచ్చింది. బ్యాటరీలు, చార్జర్, నడుం పెట్టె, అన్నీ తిరిగి ఇవ్వాలి. ప్రతి వస్తువూ తుడిచి, విడివిడి కవర్లలో పెట్టి, కవర్ల మీద పేర్లు రాసి తెచ్చింది. నేను కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ చూసి టిక్కు పెడుతున్నాను. ఆ శనివారం సంగతి ఆవిడకు చెప్పాలని రెండు నెలలుగా అనుకుంటున్నాను. వేడి తెలిసి కూడా అడగలేదని చెప్పాలి. ఆవిడ తిట్టినా సరే. తిడితే బాగుండునని కూడా ఉంది.

చార్జర్ దగ్గర ఆగి, "మీకొకటి చెప్పాలండీ. ఆ రోజు మా ఇంట్లో ఆయన చేతిలో ప్రసాదం పెట్టినప్పుడు..." అన్నాను.

"తెల్సు మేడమ్" అంది ఆవిడ.

నేను కాగితం వైపే చూస్తున్నాను.

"ఆ రోజు పొద్దుగాల్నే చూసినం. నూటొకటి ఉండె. ఫ్రిజ్ మీది నంబర్‌కు చేస్త అన్న. 'ఎట్లయిన మేడమ్ ఇంటికే పోతున్నం గద, ఆమెకే చెప్తె అయిపాయె' అన్నడు. ఫంక్షన్‌కు కాదు మేడమ్, మీకు చెప్దామనే వచ్చిండు. వస్తె మీరు పట్టుచీర కట్టుకుని పీటల మీద ఉన్నరు. శుభమా అని వ్రతం చేసుకుంటుంటె జ్వరం మాట ఎట్ల ఎత్తుత అన్నడు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నన్ను ఓదార్చడానికే ఆ తర్వాతి మాటలు చెప్పింది. అది నాకు స్పష్టంగా తెలుస్తోంది.

"మీరు మనసుల ఏం పెట్టుకోకుర్రి. మీ మీద ఆయనకు ఎంత నమ్మకమో మీకు తెల్వదు. కార్ల ఎక్కంగనే నేను అడిగిన, మేడమ్‌కు చెప్పినవా అని. 'చెప్పుడెందుకే, ప్రసాదం పెట్టుకుంట చెయ్యి పట్టి చూసింది. జ్వరం ఆమెకు దొరికింది. భయపడే జ్వరమైతే ఆమె ఊకుంటదా? ఏమనలేదంటె ఏం కాదన్నట్టే' అన్నడు. ఇంటికొచ్చి గోలీ ఏసుకుని నిమ్మళంగ పండుకున్నడు మేడమ్. మళ్ల నేను ఫోన్ చేస్త అన్నా చెయ్యనియ్యలే."

ఇంకా రెండు సంతకాలు మిగిలాయి. కాగితం ఆవిడ వైపు తిప్పి పెన్ను ఇచ్చాను.